బావ కాలు, బావమరిది స్కానింగు

ఆ ఫిబ్రవరి తొమ్మిదో తేదీ ఉదయం తిన్న బ్రెడ్డు ముక్కా, సగం అరటిపండూ మాస్టారికి ఇప్పటికీ గుర్తే. మిగతా సగం పక్కన పెట్టేశారు. ఎడమ కాలి పిక్క వాచింది. సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చనీ, పొద్దున్నే స్కానింగ్ తీయించమనీ ముందురోజు డాక్టరు చెప్పాడు. భార్య పోయాక మాస్టారు ఇంట్లో ఒక్కరే. భయం చెప్పుకోవడానికి ఉన్నది ఆవిడ తమ్ముడే. ఫోను చేయగానే రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి వాలాడు.

"స్కానింగంటే కడుపునిండా నీళ్లు తాగాలి బావా," అంటూ సీసా చేతిలో పెట్టాడు.

"కాలికి స్కానింగురా!"

"కాలు మాత్రం ఒంట్లోది కాదూ? తాగు."

జీవితమంతా ఫిజిక్సు చెప్పిన మనిషి సీసా మూత తీశారు. తాగారు.

స్కానింగ్ గదిలోకి పిలుపు వచ్చేసరికి ఆ నీళ్లు తమ పని మొదలుపెట్టాయి. మాస్టారు మంచం పక్కనున్న యంత్రం వంక ఆశగా ఒక చూపు చూసి, బాత్రూము ఎటని అడిగారు.

"నువ్వెళ్లు బావా, చోటు నేను చూస్తాగా."

బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడంలో బావమరిది చేయి తిరిగినవాడు. ఇక్కడ తువ్వాలు లేదు. బయట బెంచీ నిండా జనం. అందుకని తానే మంచమెక్కి పడుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చి కర్టెన్ లాగింది. "ఎడమ కాలే కదా? నొప్పి ఎక్కడ?"

పేషెంటును కాదంటే దిగమంటుంది. దిగితే మంచం వేరేవాళ్ల పాలవుతుంది. "పిక్కలోనండీ," అన్నాడు. అది అబద్ధమూ కాదు. బస్సు దిగినప్పటి నుంచీ అక్కడ పట్టేసినట్టే ఉంది. ఆమె చల్లటి జెల్లు పూసి, పరికరంతో నొక్కింది. మళ్లీ నొక్కింది. తర్వాత తెర దగ్గరికి వంగి చూసింది.

మాస్టారు తిరిగి వచ్చేసరికి కర్టెన్ వెనక నుంచి డాక్టరమ్మ మాట వినబడింది. "ఎడమ కాల్లో గడ్డ ఉంది. ఈ పూటే ఆసుపత్రిలో చేరాలి."

మాస్టారు అక్కడే ఆగిపోయారు. గోడ పట్టుకున్నారు. అంతలో ఏదో తట్టింది.

"అమ్మా, నా కాలు ఇంతసేపూ నాతోనే బాత్రూములో ఉంది కదా! మీరు చూసింది ఎవరిది?"

కర్టెన్ జరిగింది. డాక్టరమ్మ మంచం మీది మనిషిని ఎగాదిగా చూసింది. "మీరెవరండీ?"

"చోటు పట్టానండీ."

"హమ్మయ్య, మనిషి మారాడన్నమాట! దిగరా," అన్నారు మాస్టారు.

"మారింది మనిషే. గడ్డ నిజమే. కదలకండి," అందామె.

అతన్ని చక్రాల కుర్చీలోకి మార్చి మాస్టారిని పడుకోబెట్టారు. భయంలోనూ ఆయనకు కుతూహలం ఆగలేదు. "అల్ట్రాసౌండంటే శబ్దమే కదా, దాంతో రక్తనాళం ఎలా కనబడుతుందమ్మా?"

"లోపలికి పోయి, తగిలి, తిరిగొస్తుందండీ. తెర మీద ఆ నల్ల గుండ్రం మీ సిర. నొక్కితే, చూడండి, అణిగిపోయింది. గడ్డ ఉంటే ఇలా అణగదు. మీవాడిది అణగలేదు."

మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. "ఇంకొక్కసారి నొక్కమ్మా." అడిగినన్నిసార్లూ ఆమె నొక్కి చూపించింది. మాస్టారి పిక్కలో కండరం కాస్త చిరిగిందట, విశ్రాంతి చాలునట.

సాయంత్రానికి బావమరిది ఆసుపత్రి గదిలో ఉన్నాడు. రక్తం పల్చబడే ఇంజెక్షన్ ఇచ్చారు. గడ్డ కదలకముందే దొరకడం అదృష్టమన్నారు.

"తోడుగా వచ్చి నీ నెత్తినెక్కాను బావా."

"మీ అక్కుంటే ఇద్దర్నీ కలిపి తిట్టేది. పడుకో."

అతను నిద్రపోయాక మాస్టారు కుంటుతూ బయటికి వచ్చారు. ఎదురైన నర్సు ఆగింది. "అయ్యో, ఆ కాలు ఎవరికైనా చూపించారా?"

మాస్టారు చప్పుడు కాకుండా తలుపు మూశారు. "చూపించానమ్మా. మా బావమరిదికి జబ్బని తేలింది."