ఓబులయ్య కూలర్ అర్జీ

కూలీలను పనికి తీసుకెళ్ళే కంపెనీ బస్సు గ్యారేజీలో పడింది కాబట్టి ఆ శనివారం ఓబులయ్యకు డ్యూటీ లేదు. ఎనిమిదికల్లా ముషైరిబ్ బజారుకు వెళ్ళి అరబ్బీలో అర్జీ టైపు చేయించుకోవాలి, తొమ్మిదిన్నరకు లేబరాఫీసులో ఇవ్వాలి, పదకొండుకు క్యాంపుకొచ్చి పప్పుకు ఎసరు పెట్టాలి. ఆనాటి ప్లాను అంతే.

అది తొంభై ఆరు, జూన్ నెల. దోహా ఎండకు క్యాంపులో కొళాయి తిప్పితే నేరుగా టీపొడి వేసుకోవడానికి పనికొచ్చే నీళ్ళు వస్తున్నాయి. గది మూలనున్న మంచినీళ్ళ కూలర్ ఆరు రోజుల కిందట ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. అడుగున తుప్పునీరు కారి ఒకటే కంపు. క్యాంప్ బాస్, హైదరాబాదీ ఫసీయుద్దీన్‌ను రోజూ అడిగితే రోజూ "బుక్రా" అన్నాడు. బుక్రా అంటే అరబ్బీలో రేపు. ఫసీయుద్దీన్ నోట్లో మాత్రం దానికి ఫలానా రోజని అర్థం లేదు.

"అర్జీ పెట్టు ఓబులన్నా," అన్నాడు పక్క మంచం దానియేలు. అతనిది తాడేపల్లిగూడెం దగ్గర. "లేబరాఫీసోళ్ళు కాయితం చూస్తే ఊరుకోరంట. మావోడొకడు పెట్టాడు, వారంలో పని అయిపోయింది."

టైపింగ్ దుకాణంలో అహ్మద్ అలీ అనే పెద్దాయన కూర్చున్నాడు. తల మీద ఫ్యాను లారీలా మోగుతోంది. ఓబులయ్య తనకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని, "కూలర్ మర్‌గయా భాయ్. ఛే దిన్ హోగయా," అన్నాడు.

ఫ్యాను చప్పుడులో అహ్మద్ అలీకి కూలీ చచ్చిపోయి ఆరు రోజులైందని వినబడింది. ఆయన చేతులు టైపు మిషను మీదే ఆగిపోయాయి.

"ఛే దిన్? అభీ కహాఁ హై?"

"కమ్రే మే. పానీ నికల్తా. బదబూ భీ!" గదిలోనే ఉంది, నీళ్ళు కారుతున్నాయి, కంపు కూడా అని ఓబులయ్య ముక్కు మూసుకుని చూపించాడు. "కంపెనీ ఉఠాతా నహీ," కంపెనీ తీయించడం లేదని కూడా చెప్పాడు.

"యా అల్లా! నామ్?"

తన పేరే అడుగుతున్నాడనుకుని చెప్పాడు. ఊరు అడిగితే కడప దగ్గర అన్నాడు. ఇంట్లో ఎవరెవరున్నారంటే, భార్య గంగులమ్మ, ఇద్దరు పిల్లలు అన్నాడు. అహ్మద్ అలీ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. కాగితం చేతిలో పెట్టి, డబ్బులిస్తే వద్దని తల అడ్డంగా ఊపి, "సబర్ కరో", ఓర్చుకో, అంటూ భుజం తట్టాడు.

'కూలర్ కోసం ఏడ్చే మనిషిని ఈడనే చూసినా,' అనుకుంటూ ఓబులయ్య బయటికొచ్చాడు.

లేబరాఫీసులో మర్యాద ఇంకా ఎక్కువ జరిగింది. గుమాస్తా కాగితం చదివి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు, చల్లటి నీళ్ళిచ్చాడు. లోపలికి పరుగెత్తి ముద్ర కొట్టించుకొచ్చి, "నువ్వు వెళ్ళు, మేం వెనకే వస్తాం," అన్నాడు. ఓబులయ్య గుండె ఉప్పొంగింది. క్యాంపుకొచ్చి ఎసరు పెడుతూ దానియేలుకు చెప్పాడు, ఆ ఊపులో ఫసీయుద్దీన్‌కూ వినబడేలా చెప్పాడు.

"ఆఫీసరు వస్తాండాడప్పా. కూలర్ చూడనీకి."

ఫసీయుద్దీన్ మొహం నల్లబడింది. అంతలో గేటు దగ్గర దుమ్ము లేచింది. ముందు పోలీసు జీపు, దాని వెనక అంబులెన్సు, దాని వెనక మందు చల్లే మునిసిపాలిటీ బండి, ఆ వెనక లేబరాఫీసు కారు, చిట్టచివర ఇండియన్ ఎంబసీ కారు.

"ఒక్క కూలర్‌కి అయిదు బళ్ళా!" దానియేలు నోరు తెరిచాడు. "మా ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ పేలితే లైన్‌మేను సైకిలేసుకుని కూడా రాడు."

ఫసీయుద్దీన్‌కు ఒకటే ఉపాయం తట్టింది. "కూలరే లేకుంటే కంప్లెంట్ ఎక్కడిది? జల్దీ! దుప్పటి కప్పి వెనక దర్వాజ నుంచి తీస్కపోండి!"

నలుగురు మనుషులు దుప్పటి చుట్టిన కూలర్‌ను భుజాలకెత్తుకుని, తుప్పునీరు కార్చుకుంటూ వెనక తలుపులోంచి బయటపడ్డారు. అక్కడ పోలీసులున్నారు. వాళ్ళు టోపీలు తీసి తలలు వంచారు. అంబులెన్సు వాళ్ళు స్ట్రెచర్ తెచ్చి దానిని ఎంతో భక్తిగా అందుకున్నారు, బరువు చూసి కాస్త ఆశ్చర్యపోయారు. మునిసిపాలిటీ వాళ్ళు మందు చల్లారు. లేబర్ ఇన్‌స్పెక్టర్ మెల్లగా దుప్పటి తొలగించాడు. కింద తుప్పుపట్టిన కూలర్ ఉంది.

ఎంబసీ నుంచి వచ్చిన రామకృష్ణారావు గారే ముందు తేరుకుని, ఎదురుగా నోరు తెరుచుకుని నిలబడ్డవాణ్ణి తెలుగులో అడిగారు.

"ఏమయ్యా, ఓబులయ్యని నువ్వెరుగుదువా?"

"నేనే సార్."

"మరి చచ్చిపోయిందెవరు?"

"కూలర్ సార్."

రావుగారు అర్జీ నకలు తీసి తెలుగులో అర్థం చదివి వినిపించారు. "కడప జిల్లాకు చెందిన ఓబులయ్య అనే కూలీ, భార్యనూ ఇద్దరు బిడ్డలనూ వదిలి, ఆరు రోజుల క్రితం..."

ఓబులయ్య కళ్ళలో గంగులమ్మ మెదిలింది. తంతి పట్టుకుని పోస్టుమాను గడపలో నిలబడితే, చదివేలోపే ఆమె ప్రాణం పోతుంది.

"సార్, మా ఇంటికి తంతి గాని కొట్టినారా?" అని అడిగాడు.

"రాసి జేబులో పెట్టుకొచ్చాను," అన్నారు రావుగారు. "చెప్పుడుమాటలకి నేను తంతి ఇవ్వనయ్యా. ఒకసారి పేరు తప్పుపడి, బతికున్నవాడికి వాళ్ళింట్లో పదోరోజు కూడా చేసేశారు. అప్పట్నించీ నా కళ్ళతో చూడందే ఇవ్వను." జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేశారు. ఓబులయ్య రెండు చేతులూ జోడించాడు.

ఫసీయుద్దీన్‌కు ధైర్యం వచ్చింది. "సాబ్, ఝూటా కంప్లెంట్! రేపటి ఫ్లైట్‌ల వీన్ని ఇంటికి పంపిస్త!"

ఇన్‌స్పెక్టర్ అప్పటికే మండిపడుతున్నాడు. ఎండలో నిలబడేసరికి ఆయన పొడుగాటి తెల్లటి తోబు అంగీ వీపుకు అతుక్కుపోయింది. ఓబులయ్య వైపు వేలు చూపించి ఏదో అనబోయి, గొంతు తడారి ఆగి, ముందు తాగడానికి నీళ్ళిమ్మన్నాడు. ఫసీయుద్దీన్ పరుగెత్తి గ్లాసు తెచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ఒక గుక్క తాగాడు. గ్లాసు మరో చేతిలోకి మార్చాడు. నాలుక బయటపెట్టి ఊదుకున్నాడు.

"ఇవేనా వీళ్ళు తాగేది?"

ఫసీయుద్దీన్ "బుక్రా..." అని మొదలుపెట్టి ఆపేశాడు.

ఆ వారం ఇన్‌స్పెక్టర్ వెంట ఒకామె తిరుగుతోంది. కూలివాళ్ళ మంచిచెడ్డలు చూసే ఏదో అంతర్జాతీయ సంస్థ మనిషి. ఈ గొడవంతా జరుగుతుంటే ఆమె చప్పుడు చేయకుండా గదుల్లోకి వెళ్ళి మంచాలు లెక్కపెట్టి వచ్చింది. పద్నాలుగు మందికి ఒక గది, నలభై మందికి ఒక కొళాయి, మూతలేని ట్యాంకులో రెండు పావురాలు. నోటుబుక్కు ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది. ఆయన చదివి, కారు బానెట్ మీదే హుకుం రాశాడు. రెండు రోజుల్లో రెండు కూలర్లు. ట్యాంకు కడగాలి. గదికి ఎనిమిది మందే. అర్జీ పెట్టినవాడి మీద చెయ్యి పడితే కంపెనీ జవాబు చెప్పాలి.

"అర్జీ అబద్ధం కాదు," అన్నాడాయన. రావుగారు తెలుగులో చెప్పారు. "పేరొక్కటే తప్పు పడింది."

కూలర్లు సోమవారమే వచ్చాయి. ఆ రాత్రి ఓబులయ్య చల్లటి నీళ్ళు తాగి, అహ్మద్ అలీ మొదలు రావుగారి దాకా, మంచాలు లెక్కపెట్టిన, పేరు తెలియని ఆ తల్లితో సహా, అందరి ఇళ్ళూ చల్లగా ఉండాలని మొక్కుకున్నాడు.

చిక్కల్లా లేబరాఫీసు ఫైలుతో వచ్చింది. చనిపోయాడని తెరిచిన ఫైలు మూయాలంటే శవమన్నా ఉండాలి, డాక్టరు కాగితమన్నా ఉండాలి. ఓబులయ్య దగ్గర రెండూ లేవు. అందుకని మూడు నెలలకోసారి ఇన్‌స్పెక్టర్ క్యాంపుకొచ్చి, ఓబులయ్య బతికే ఉన్నాడని రాసుకుని, పనిలో పనిగా ట్యాంకు మూతా కొళాయిలూ మంచాలూ చూసి వెళ్ళేవాడు. ఆయన వచ్చే ముందురోజు ఫసీయుద్దీన్ మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో నిలబడి, "తబియత్ మంచిగుందా ఓబులయ్యా?" అని అడిగేవాడు.

ఇన్ని ఆఫీసులు కలిసి బతకమని పట్టుబట్టాక, ఓబులయ్య ఆ ఏడు జ్వరం కూడా తెచ్చుకోలేదు.