చేయి చాపినంత దూరంలో ప్రజలు

నీటి సరఫరా కార్యాలయ సిబ్బందికి ప్రజల బారి నుంచి రక్షణ కల్పించే నిమిత్తం పది రోజుల ఆత్మరక్షణ, తుపాకీ శిక్షణ ఏర్పాటు చేయడమైనదనీ, సిబ్బంది యావన్మందీ తమ తమ ఎముకల బాధ్యత తామే వహిస్తూ విధిగా హాజరు కావలెననీ ఒక సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద ఉత్తర్వు వెలిసింది. నవ్వకండి. ఆ ఉత్తర్వు వెనక రక్తపాతం ఉంది. కాకపోతే అది జరగబోయి ఆగిపోయిన రక్తపాతం.

అంతకు ముందు వారం ఒక ముసలాయన ఖాళీ బకెట్టు పట్టుకొచ్చి పెద్ద ఇంజనీరుగారి బల్ల మీద పెట్టాడు. పెట్టాడంతే. ఖాళీది కాబట్టి ఠంగుమంది. ఆ చప్పుడుకి పెద్ద ఇంజనీరుగారు కుర్చీలోంచి జారి బల్లకింద తేలారు. వెంటనే ముగ్గురు సభ్యుల విచారణ సంఘం కూర్చుంది. బకెట్టు లోపలికి ఎలా వచ్చిందో పధ్నాలుగు పేజీల్లో తేల్చింది. బకెట్టు ఎందుకు ఖాళీగా ఉందన్నది తమ పరిధిలోకి రాదని పదిహేనో పేజీలో ఒక్క ముక్కలో రాసింది. నిండు బకెట్టయితే అంత చప్పుడు చేసేది కాదు కదా అని ఒక సభ్యుడు నోరు జారాడు. ఆయన్ని ఆరోగ్యం చూసుకోమని సెలవు మీద పంపేశారు.

ఉత్తర్వు చూసి అందరికంటే ఎక్కువ వణికినవాడు మూడో కిటికీ గుమాస్తా. మనిషి అగ్గిపుల్లంత ఉంటాడు. పదకొండేళ్లుగా ఆయన ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చుని ఫిర్యాదులు తీసుకోకుండా ఉండే పని చేస్తున్నాడు. ఇది మీరనుకున్నంత తేలిక పని కాదు. ఆ కార్యాలయ నిబంధన ప్రకారం కాగితం కిటికీ దాటి లోపలికొస్తే ముద్ర వేయాలి. ముద్ర వేస్తే నంబరు ఇవ్వాలి. నంబరు పడితే వారం లోపల ఎవరో ఒకరు లేచి పైపు దాకా వెళ్లాలి. అంతటి అనర్థం జరగకుండా ఆపుతున్నవి గుమాస్తా రెండు చేతులు. పదకొండేళ్లుగా అవి బల్ల మీద కట్టుకునే ఉన్నాయి. "ఇది ఈ కిటికీ కాదమ్మా", "సంతకం వంకరగా ఉంది", "రేపు రండి" అని నోరు పనిచేసేది గానీ చేయి మాత్రం చాచేది కాదు.

ఆయన్ని వణికించింది ఉత్తర్వులో చివరి పంక్తి. పరీక్ష తప్పినవారిని క్షేత్రస్థాయికి బదిలీ చేస్తారట. అంటే పైపుల దగ్గరికి. అంటే నీళ్లు రాని వీధుల్లో, అడ్డంగా కిటికీ అయినా లేకుండా, జనం మధ్య నిలబడాలి. ఆ రోజు గుమాస్తా అన్నం సహించక లేచిపోయాడు.

ప్రారంభ సభలో పెద్ద ఇంజనీరుగారు ఉపన్యసించారు. "ప్రజలే మనకు దేవుళ్లు. ఆ మాటకి తిరుగు లేదు. అయితే దేవుడు తన చోట తనున్నంతసేపే దేవుడు. లేచి మన ఆఫీసు దాకా వచ్చాడంటే మాత్రం ఆలోచించవలసిందే." చప్పట్లు కొట్టినవారి పేర్లు రాసుకోవడానికి ఒక మనిషిని పెట్టారు గనుక చప్పట్లు బ్రహ్మాండంగా మోగాయి.

శిక్షకుడి మెడ ఎక్కడ ముగుస్తుందో, భుజం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. అందరూ ఆయన్ని ఉక్కుపిడికిలి అంటారు. తను నేర్పేది దూరపు యుద్ధం కాదనీ, చేయి చాపినంత దూరంలో జరిగే యుద్ధమనీ ఆయన ముందే చెప్పాడు. కిటికీకీ పౌరుడికీ మధ్య దూరమెంతో తేల్చడానికి ఇద్దరు ఇంజనీర్లు టేపు పట్టుకుని కదిలారు. ఆ ఏడాది వాళ్లు స్వయంగా కొలిచిన కొలత అదొక్కటే. సరిగ్గా చేయి చాపినంతే ఉందని తేలింది.

మొదటి పాఠం శత్రువును గుర్తించడం. "చెమట పట్టి ఉంటాడు. చేతిలో ఏదో ఉంటుంది. ఇంతకుముందు కూడా చాలాసార్లు వచ్చి ఉంటాడు," అంటూ ఉక్కుపిడికిలి వేళ్లు మడిచాడు. "అరిచేవాడితో ఫరవాలేదు. మర్యాదగా మాట్లాడేవాడున్నాడే, వాడితోనే జాగ్రత్త!"

గుమాస్తా మనసులో ఒక్కొక్కటే సరిచూసుకున్నాడు. ఈ లక్షణాలన్నీ అచ్చంగా కుట్టుమిషను ఆవిడవే. ఆవిడ ప్రతి సోమవారం మెడలో కొలత టేపుతో, నాలుగు మడతల కాగితంతో వస్తుంది. వాళ్ల వీధిలో నీళ్లొచ్చి యాభై రోజులయింది. పక్కవీధి వాళ్లు దయతలిచి తలా ఒక బకెట్టు పోస్తే బతుకుతున్నామని చెబుతుంది. చెప్పి, "మీకు శ్రమ ఇస్తున్నాను బాబూ," అంటుంది. ఎంత ప్రమాదకరమైన మనిషో ఇన్నాళ్లూ తెలియనందుకు ఆయన తన అజ్ఞానానికి సిగ్గుపడ్డాడు.

తుపాకీ శిక్షణకి తుపాకులు వచ్చాయి. గుళ్ల దస్త్రం మాత్రం ఇంకా పరిశీలనలో ఉంది. అందుకని గుండు నోటితో పేల్చమన్నారు. మొదటి రోజు ఒకరు ఢామ్మన్నారు, ఒకరు ఠప్పన్నారు, పళ్లసెట్టు పెట్టుకునే సీనియర్ గుమాస్తా ఒకాయన థుస్సుమన్నారు. ఇంత అనైక్యత పనికిరాదని సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చింది: కార్యాలయం ఆమోదించిన ధ్వని 'ఢాం' మాత్రమే. గురి చూడటానికి అట్టబొమ్మలు నిలబెట్టారు. ఒక్కో బొమ్మ చేతిలో ఒక్కో బకెట్టు. తీరా మూడు రోజులు పేల్చాక, కిటికీ సందులోంచి తుపాకీ గొట్టం పట్టదని కొలిచిన ఇంజనీర్లకే గుర్తొచ్చింది. ఉన్న కిటికీలు పగలగొట్టి పెద్దవి పెట్టించాలని ప్రతిపాదన పైకి వెళ్లింది. అది నీళ్ల దస్త్రంలా నత్తనడక నడవలేదు, రెక్కలు కట్టుకుని ఎగిరింది; పరీక్ష నాటికి కిటికీలు పెద్దవైపోయాయి.

ఆ మాట ఎలా ఉన్నా, అసలైన విద్య నిరాయుధీకరణ. ఎదుటివాడి చేతిలో ఉన్నది లాక్కోవడమన్నమాట. మూడు మెట్లు. ఒకటి, మణికట్టు దొరకబుచ్చుకోవాలి. రెండు, భుజం లోపలికి తోసి మణికట్టు బయటికి తిప్పాలి. మూడు, వస్తువు లాగేసుకోవాలి. ఆలోచించకూడదు. "బుర్రకి తెలిసేలోపు చేతికి తెలియాలి," అని ఉక్కుపిడికిలి వందసార్లు చేయించాడు. గుమాస్తా చేతులకి పదకొండేళ్ల తుప్పు. పెద్ద ఇంజనీరుగారు స్వయంగా వచ్చి, "ఏమయ్యా, పైపుల దగ్గరికి పోతావా?" అని అడిగి వెళ్లారు.

దాంతో ఇంట్లో కూడా సాధన మొదలైంది. భార్య మంచినీళ్ల గ్లాసు అందిస్తుంటే మణికట్టు దొరకబుచ్చుకున్నాడు, భుజం తోశాడు, గ్లాసు లాగేశాడు. సగం నీళ్లు ఆయన మీదే పడ్డాయి.

ఆవిడ చేయి రుద్దుకుంటూ, "పెళ్లయిన ఇన్నాళ్లకి నా చేతిలోది అందుకోవడం వచ్చిందన్నమాట. ఏ పుట్టలో ఏ పాముందో! ఆ చేత్తోనే ఈ బట్టల మూట కూడా లాక్కోండి, పిండి ఆరేద్దురుగాని," అంది.

ఆయన లాక్కున్నాడు. తరవాతి నాలుగు రోజుల్లో చీపురు, కూరల సంచీ, ఇస్త్రీ పెట్టె కూడా లాక్కున్నాడు. ఆ ఇంట్లో అంత సామరస్యం మునుపెన్నడూ లేదు.

పదో రోజు పరీక్ష. పరీక్షలో చమత్కారమేమిటంటే, మామూలు పౌరుడి వేషంలో ఒక దుండగుణ్ణి వరసలోకి పంపుతారు. ఎవరన్నది గుమాస్తాలకి తెలియదు. వరసలో నలభై మందికి పైనే ఉన్నారు. అందరికీ చెమట పట్టి ఉంది, అందరి చేతుల్లోనూ ఏదో ఉంది. మూడో కిటికీ ముందు మొదట నిలబడింది కుట్టుమిషను ఆవిడ.

"నమస్కారం బాబూ. మళ్లీ వచ్చాను," అంటూ కాగితం కొంచెం ముందుకు చాపింది.

బుర్రకి తెలిసేలోపు చేతికి తెలిసింది. మణికట్టు, భుజం, లాగుడు. ఉక్కుపిడికిలి "శభాష్!" అని తొడ చరిచాడు. గుమాస్తా తన చేతిలోకి చూసుకున్నాడు. అందులో కాగితం ఉంది. కాగితం కిటికీకి ఇవతల ఉంది.

కుట్టుమిషను ఆవిడ మణికట్టు సర్దుకుంటూ, "నంబరు ఇస్తారా బాబూ?" అని మెల్లిగా అడిగింది.

నంబరు ఇవ్వక తప్పలేదు. ముద్ర కోసం వెతికితే ఇంకు ఎప్పుడో ఎండిపోయింది, ఎవరిదో కాఫీలో ముంచి వేశారు. ఇది చూసిన వరస ఊరుకుంటుందా? "నన్ను కూడా లాగండి సార్!" "ముందు నా చెయ్యి!" అంటూ జనం కిటికీ మీద పడ్డారు. గుమాస్తా చేతులు ఆగలేదు. మధ్యాహ్నానికి నలభై మూడు కాగితాలు నిరాయుధమయ్యాయి. అసలు దుండగుడు కూడా, వచ్చాను కదా అని, తన ఇంటి పైపు సంగతి ఒక ముక్క రాసిచ్చి పోయాడు.

ముగింపు సభలో గుమాస్తాకి ప్రథమ బహుమతి ప్రకటించారు. బహుమతితో పాటు పైపుల దగ్గరికి బదిలీ ఉత్తర్వు కూడా ఇచ్చారు. "శత్రువు ఆయుధం లాక్కోవడం వీరుడి లక్షణమే. దానికి నంబరు వేయడం మాత్రం ద్రోహం," అని పెద్ద ఇంజనీరుగారు కళ్లు తుడుచుకున్నారు. తప్పినవాళ్లందరూ కిటికీల దగ్గరే హాయిగా మిగిలిపోయారు.

గుమాస్తా మొదటి నంబరు కాగితం పట్టుకుని ఆ వీధికి వెళ్లాడు. జనం ఏమీ చేయలేదు సరికదా, కుర్చీ వేశారు. వీధి మొదట్లో ఇనుప మూత ఉంది. మూత తీస్తే వాల్వు ఉంది. రెండు నెలల క్రితం ఎవరో దాన్ని కట్టేసి, తిప్పడం మరిచిపోయారు. బిగుసుకుపోయింది. గుమాస్తా భుజం లోపలికి తోసి, మణికట్టు బయటికి తిప్పాడు. కొళాయిలు దగ్గాయి, తుమ్మాయి, ఆ తరవాత బొళబొళా నీళ్లొచ్చాయి.

"మీ చేతులు చల్లగుండ!" అని కుట్టుమిషను ఆవిడ ఏడ్చేసింది. తన చేతులతో ఒక పని జరిగిందని గుమాస్తాకి కూడా కళ్లు చెమ్మగిల్లాయి. అంత సంతోషం ఆయన కిటికీ వెనక పదకొండేళ్లలో ఒక్కరోజూ ఎరగడు.

నెల తిరక్కుండానే పెద్ద ఇంజనీరుగారి నుంచి కబురొచ్చింది. బల్ల మీద ఒక దరఖాస్తు ఉంది. ఈసారి దాన్ని ఎవరి చెయ్యీ మెలిపెట్టకుండానే, పెద్ద ఇంజనీరుగారే స్వయంగా లేచి అందుకున్నారట. సంగతేమిటంటే, ఆ వాల్వు తిరిగాక పక్కవీధిలో ధార సన్నబడింది. పక్కవీధి వాళ్లు బకెట్లు పట్టుకుని ఈ వీధికి రావడం మొదలుపెట్టారు. కాబట్టి ఈ వీధి నివాసులకి తక్షణం ఆత్మరక్షణ, వీలయితే తుపాకీ శిక్షణ ఇప్పించవలసిందని వినతి. ఏరు దాటి తెప్ప తగలేశారని తొందరపడి అనకండి. వాళ్లు తెప్పని తగలేయలేదు, ఇంకొకరు ఎక్కకుండా కాపలా అడిగారు, అంతే. కింద అరవై సంతకాలు. మొదటిది కుట్టుపనంత పొందికగా ఉంది. ఆ దస్తూరీ ఎవరిదో గుమాస్తాకి ఒకరు చెప్పనక్కర్లేదు.

ప్రథమ బహుమతి పొందినవాడు గనుక శిక్షకుడుగా ఆయన్నే వేశారు. మొదటి రోజు కుట్టుమిషను ఆవిడే ముందు వరసలో నిలబడింది.

"మీరు కూడానా అమ్మా?" అన్నాడు గుమాస్తా.

ఆవిడ కొంచెం తలదించుకుంది. "ఏం చెయ్యమంటారు బాబూ! రోజూ వస్తున్నారు. అరిస్తే మేమూ అరిచేవాళ్లం. మర్యాదగా అడుగుతున్నారు."

గుమాస్తా ఆవిడ్ని వరసలో సర్ది నిలబెట్టాడు. మొదటి పాఠం మొదలుపెట్టాడు: శత్రువును గుర్తించడం.

తరగతులు చక్కగా జరుగుతున్నాయి. చేరదలచినవారికి ఇంకా కొన్ని ఖాళీలున్నాయి. వయసుతో, చదువుతో, ధైర్యంతో నిమిత్తం లేదు. అర్హత ఒక్కటే, మీ ఇంట్లో నీళ్లు వస్తూ ఉండాలి.