మూడో గొట్టం

ఒక పెద్ద అడవిలో పెట్రోలు బంకు ఒక్కటే ఉండేది. దాని యజమాని జంబులింగం అనే నక్క. అడవి మండలికి కార్యదర్శి కూడా అతనే. వాగు అవతల ఇప్పసారా బట్టీ పెట్టిందీ అతనే. బట్టీ సంగతి అందరికీ తెలుసు, మండలికి తప్ప.

ఆ ఏడు ఇప్ప విరగబూసింది. కుండలన్నీ సారాతో నిండాయి, తాగేవాళ్ళు చాలలేదు. జంబులింగం ఒక పూట తల గోక్కుని, మండలిలో తీర్మానం పెట్టాడు. ఇక మీదట పెట్రోలులో ఇప్పసారా కలపాలి. గాలి శుభ్రపడుతుంది, పూలు ఏరేవాళ్ళకు పని దొరుకుతుంది, పరాయి అడవి ముందు చేయి చాచక్కర్లేదు. రాజుగారు సింహం చదవకుండానే పంజా ముద్ర వేశాడు.

నిన్నటిదాకా సారా కాస్తే నేరం. ఆ రోజు నుంచి కాస్తే దేశసేవ.

బంకు ముందు సభ పెట్టారు. పచ్చ గొట్టం ఒకటి, పసుపు గొట్టం ఒకటి తళతళా మెరుస్తున్నాయి.

"పచ్చ గొట్టంలో సారా నూటికి ఇరవై పాళ్ళు, పసుపు గొట్టంలో ముప్పై. ఏది కావాలో మీరే ఎంచుకోండి. మా మండలి ఎవరినీ బలవంతపెట్టదు" అన్నాడు జంబులింగం.

గంగులమ్మ లేచింది. ఆమె దుప్పి, అడవికంతటికీ మంత్రసాని. పాతికేళ్ళ నాటి మోటారు సైకిలు మీద కొండలూ గుట్టలూ తిరిగి కాన్పులు చేస్తుంది.

"మామూలు పెట్రోలు ఏ గొట్టంలో వస్తుంది, జంబులింగం గారూ?"

"అది ఎంపికలో లేదు, గంగులమ్మక్కా."

"నా బండి పాతది. దీనికి సారా పడదు."

"బండికి పడకపోతే బండి మార్చాలి గాని, పెట్రోలు మారుస్తారా?"

వెనక నుంచి తాబేలు మెడ చాచింది. "ఇరవై ఇచ్చేచోట ముప్పై ఇస్తానంటుంటే వద్దంటారేమిటి? నా ఓటు ముప్పైకే."

"నీకు బండి ఉందా?" అంది గంగులమ్మ.

"లేదు. నడిచేవాళ్ళకు అభిప్రాయం ఉండకూడదా?"

చప్పట్లు మోగాయి. బండ్లు లేనివాళ్ళంతా గట్టిగా కొట్టారు.

గంగులమ్మ పచ్చ గొట్టం దగ్గర పోయించుకుంది. తక్కువ విషం ఏరుకోవడమే ఎంపిక అని నేర్పిన రోజులవి.

శ్రావణంలో ముసురు పట్టింది. ముళ్ళపందికి నొప్పులని కబురొస్తే గంగులమ్మ బయలుదేరింది. కొండ సగం ఎక్కాక బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఎంత తన్నినా లేవలేదు. మిగతా దారి వానలో పరుగెత్తింది. ఆమె చేరేసరికి మూడు పిల్లల్లో ఒకటి ఊపిరి అందక చనిపోయింది.

మర్నాడు మెకానిక్కు పోలయ్య టాంకు విప్పాడు. పోలయ్య వడ్రంగిపిట్ట. ముక్కుతో టకటకా కొట్టి చూసి రోగం చెప్పగలడు.

"మూత సందులోంచి వాన నీళ్ళు దిగాయి, అత్తా. సారాకి నీళ్ళంటే ప్రాణం. పెట్రోలును వదిలేసి నీళ్ళతో కలిసి అడుక్కి చేరింది. ఇంజను ముందు తాగేది అడుగుదే కదా."

అంతటితో ఆగలేదు పోలయ్య. రెండు సీసాల్లో గీత దాకా నీళ్ళు పోశాడు. ఒకదాంట్లో పచ్చ గొట్టం పెట్రోలు, ఇంకోదాంట్లో పసుపు గొట్టం పెట్రోలు సమానంగా పోసి కుదిపాడు. పెట్రోలులోని సారాను తాగి రెండు సీసాల్లోనూ నీళ్ళు గీత దాటాయి. రెండూ ఒకే ఎత్తుకు వచ్చి ఆగాయి.

"గొట్టాలే రెండు, అత్తా. కింద తొట్టి ఒకటే."

ఆ సీసాలు పట్టుకుని గంగులమ్మ మండలికి వెళ్ళింది. మండలి విచారణ జరిపి, తప్పు వానదని తేల్చింది. బండి పాతబడినందుకు గంగులమ్మను మందలించింది. చచ్చిపోయిన పిల్ల ఊసు కాగితంలో ఎక్కడా రాయలేదు.

పది రోజులు గడిచాయి. ముసురు ఇంకా విడవలేదు. మిట్టమధ్యాహ్నం జంబులింగం బంకు నుంచి తడిసి ముద్దయి గంగులమ్మ వాకిట్లోకి వచ్చాడు.

"అక్కా, కొండ మీద ఇంట్లో మా ఆవిడకు నొప్పులని కబురొచ్చింది. త్వరగా రావాలి."

"వస్తాను, నడిచి. బండిలో నీ సరుకే ఉంది. కొండ ఎక్కదు."

"నడిస్తే పొద్దు గూకుతుంది." జంబులింగం తువాలు కింద నుంచి ఒక డబ్బా తీశాడు. "అది పారబోసి ఇది పోసుకో."

అక్కడే ఉన్న పోలయ్య డబ్బాలోంచి కొంచెం సీసాలో వంచి, నీళ్ళు కలిపి కుదిపాడు. నీళ్ళు గీత దగ్గరే నిలిచాయి. ఒక్క చుక్క సారా లేదు.

"ఇదెక్కడిది, సామీ?"

"ఇంటి వాడకానికి" అన్నాడు జంబులింగం, నేల చూస్తూ.

గంగులమ్మ టాంకు కడిగించి, డబ్బాలోది పోసుకుని కిక్కు కొట్టింది. బండి కొండ మీదకు బాణంలా దూసుకెళ్ళింది. వెనక కూర్చున్న జంబులింగం కళ్ళు మూసుకున్నాడు.

సరైన వేళకే చేరారు. నాలుగు కూనలు, నాలుగూ కుయ్యిమన్నాయి. గంగులమ్మ బొడ్డు కోసి, కూనలను తల్లి పక్కన పడుకోబెట్టి, కత్తి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఆ ముళ్ళపంది పిల్లా ఇలాగే కుయ్యిమనేది, జంబులింగం."

వారం తిరక్కుండా బంకులో తెల్ల గొట్టం వెలిసింది. దాని కింద వేరే తొట్టి, అందులో నిఖార్సయిన పెట్రోలు. బండి ఉన్న ప్రతి జంతువూ అక్కడే వరస కట్టింది. మిగతా రెండు గొట్టాల మీద సాలీళ్ళు గూళ్ళు పెట్టాయి. వాగు అవతల సారా కుండలు కొనేవాళ్ళు లేక నాచు పట్టాయి.

కూనలు కళ్ళు తెరిచి, పాలు మాని, మాంసం ముట్టాయి. ఆ మర్నాడే తెల్ల గొట్టానికి పలక వేలాడింది: మరమ్మతులో ఉంది.

నీతి: ఏలేవారి ఇంట ఏటేటా ముసురులో ఒక కాన్పు జరగాలని మనసారా దీవించండి.