పెరటి అడంగల్‌లో మూడో గడి

భార్య వరహాలమ్మ దినకర్మలు ముగిసిన మర్నాడు సచివాలయం వాళ్లు చిన్నంనాయుడు పెరట్లోని చిక్కుడుకాయలకు రుచి, చేమంతులకు వాసన నిబంధనల ప్రకారం నిలిపివేశారు. పందిరి గుంజకు నోటీసు అంటించారు. అనుభవదారు ఎవరో పదిహేను రోజుల్లో రుజువు కాకపోతే ఈ పెరటి శీతకాలాన్ని మరొకరికి కేటాయిస్తామని అందులో ఉంది.

ఇందులో వింతేమీ లేదు. అదే వీధిలో ఒకాయన మల్లెపందిరి వాసన మూడేళ్లుగా పక్క మండలానికి పోతోంది.

చిన్నంనాయుడు కాయలు కోసి వండుకున్నాడు. తడిపిన కాగితం నమిలినట్టుంది. ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివినా, కాగితాల సంగతి తెలిసినవాడు. స్థలం తనది, నుయ్యి తనది, పట్టా తన పేరునే ఉంది. పట్టా ఉన్నవాడికి రుచి దానంతట అదే వస్తుందని అతని నమ్మకం. ఆ ధీమాతోనే దస్తావేజులు సంచిలో పెట్టుకుని సచివాలయానికి వెళ్లాడు.

వీఆర్వో పెరటి అడంగల్ తెరిచాడు. ఒక వరసలో మూడు గడులు. పట్టాదారు గడిలో చిన్నంనాయుడు. సాగుదారు గడిలో వరహాలమ్మ. అనుభవదారు గడి ముప్పై రెండేళ్లుగా ఖాళీ.

"పట్టా ఉంటే మట్టి మీది, నాయుడు గారూ. రుచి మూడో గడి వాళ్లది," అన్నాడు వీఆర్వో.

మరి ఇన్నాళ్లూ ఎలా తిన్నానని అడిగాడు చిన్నంనాయుడు. వండి పెట్టే మనిషి ఉన్నంతకాలం ఆ గడి సంగతి ఎవరూ పట్టించుకోరని, అన్ని ఇళ్లలోనూ ఇంతేనని వీఆర్వో చెప్పాడు. పోనీ ఆవిడనే అనుభవదారుగా రాయండి, వారసుణ్ణి నేనే కదా అన్నాడు ఇతను. వీఆర్వో పాత సర్వే కాగితాలు తిరగేశాడు. చిక్కుడు ఎలా ఉందని అడిగిన ప్రతిసారీ వరహాలమ్మ, ఆయన తిన్నాక మిగిలితే చెబుతానంది. పువ్వుల గురించి అడిగితే, తలలో పెడితే ఎక్కడికి ముస్తాబని ఆయన అడుగుతాడంది. కింద వేలిముద్ర ఉంది.

వారం తర్వాత పెరట్లోనే విచారణ పెట్టారు. సాక్షి పక్కింటి అసిరమ్మ, అతనికి మరదలి వరస. ఈ ముప్పై రెండేళ్లలో ఒక్కసారైనా ఇతను కూర బాగుందన్నాడా అని వీఆర్వో అడిగాడు.

"ఉప్పు తక్కువైన దినం ఈదంతా ఇనబడేది, బాబూ. బాగున్న దినం ఏదో మాకెలాగ తెలుస్తాది?" అందామె. చిన్నంనాయుడు తనవైపు చూస్తే, "నాకేసి సూస్తావేటి, బావా? అక్క దెగ్గిర అనుంటే ఆ దినమేదో నువ్వే సెప్పు," అంది.

అతను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. పుల్లమజ్జిగలో వండిన వంకాయ గుర్తొచ్చింది, విసిరిన గిన్నె గుర్తొచ్చింది. మరేదీ రాలేదు.

"బాగోకపోతే తింతానేటి? కంచం కాళీ సేసినాను గదా, అదే సాచ్చికం," అన్నాడు చివరికి.

"ఖాళీ కంచం ఆకలికి సాక్ష్యం. అనుభవానికి కాదు," అని వీఆర్వో రాసుకున్నాడు.

పెరటి శీతకాలం వెనక వీధిలోని రిటైరైన పోస్టుమాస్టరు జగ్గారావుకు దక్కింది. పండించి వండిపెట్టే సాగుదారు మరణించినందున ఆ గడిలో పట్టాదారునే చేర్చాలని నిబంధన ఉంది. వరహాలమ్మ పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసి, కింద చిన్నంనాయుడు అని రాశారు. అతను సంతకం పెట్టాడు.

మర్నాటి నుంచి పదకొండు గంటలకల్లా జగ్గారావు పేపరు పట్టుకుని వస్తున్నాడు. చిన్నంనాయుడు మంచులోనే కాయలు కోస్తాడు, ఈనెలు తీస్తాడు, వండి వడ్డిస్తాడు, కంచం పక్కన ఒక చేమంతి పెడతాడు. జగ్గారావు పేపరు మీంచి చూపు తిప్పకుండా తిని, కంచంలో చెయ్యి కడుక్కుని వెళ్లిపోతాడు. పువ్వు అక్కడే ఉంటుంది.

ఎలా ఉందండీ అన్న మాట మూడు రోజులు చిన్నంనాయుడు నోటిదాకా వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు గాని, తినే మనిషిని కదపడం బాగుండదని ఊరుకున్నాడు. నాలుగో రోజు నుంచి ఆ మాట రావడం మానేసింది. కంచం ఎత్తి, నేల తుడిచి, పాదుకు నీళ్లు పోయడానికి వెళ్లాడు.