కొయ్యమొహానికి దిష్టి

రామమోహనరావు గారి కొత్త ఇంటికి దిష్టి తగిలిందని 1983లో అమెరికాలోని షాంటిలీ ఊరి తెలుగువారందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. గృహప్రవేశానికి వచ్చిన పిల్లల డాక్టరు, తల నెరిసిన మీనాక్షి గారు "బేస్‌మెంట్ ఎంత బాగుందండీ" అన్నారు. ఆ వారంలోనే అందులోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. అప్పుడు ఎడతెరిపి లేకుండా వాన కురిసిందనీ, నీళ్ళు తోడే పంపు ప్లగ్గు పీకి రావుగారు వీసీఆర్ పెట్టుకున్నారనీ కొందరు గుర్తుచేశారు. వంతెనలు కట్టే ఇంజనీరు, శాస్త్రీయ దృక్పథం గల మనిషి కనుక ఆయన వాటిని పట్టించుకోలేదు.

గుమ్మానికి గుమ్మడికాయ కట్టారు. కాలనీ కమిటీ వారు వచ్చి, కుళ్ళే కూరగాయలను వేలాడదీయడం నిబంధనలకు విరుద్ధమన్నారు. మరేం వేలాడదీయవచ్చని అడిగితే "ఆర్ట్" అన్నారు. అందుచేత ఆ వేసవిలో ఇండియా వెళుతూ రావుగారు, దిష్టిని ఆపగల ఆర్ట్ కోసం, బావమరిది ఉద్యోగం చేస్తున్న, అప్పటి నైజీరియా రాజధాని లాగోస్‌లో దిగారు.

అక్కడి మ్యూజియాన్ని ఆయనంత శ్రద్ధగా చూసినవారు అరుదు. శతాబ్దాల నాటి ఒక్కో కంచు తల ఎదుటా నిలబడి, అది మీనాక్షి గారి చూపుకు ఆగగలదా లేదా అని అంచనా కట్టారు. ఫలితాలు నిరాశాజనకం.

"అన్నీ శాంతమూర్తులే పద్మినీ. వీటిని గుమ్మానికి పెడితే, రండి, కాఫీ తాగండి అన్నట్టుంటుంది" అన్నారు భార్యతో.

"పోనీ, మీ పాస్‌పోర్ట్ ఫోటో ఎన్‌లార్జ్ చేయించి పెడదాం" అంది పద్మిని.

చివరికి చేతిపనుల బజారులో ఒక కొయ్యమొహం దొరికింది. అరమోడ్పు కళ్ళు, నెత్తిమీద పక్షి. ఊళ్ళోని పెద్ద ఆడవాళ్ళను గౌరవిస్తూ ఆడే ఆటలో దీన్ని ధరిస్తారనీ, వాళ్ళ మనసు చల్లగా ఉంటే ఊరు చల్లగా ఉంటుందనీ అమ్మే ఆవిడ ఓపికగా చెప్పింది. రావుగారు మధ్యలో అందుకుని, కోరలు పెట్టడానికి అదనంగా ఎంతవుతుందని అడిగారు. ఆవిడ ఆయనను ఎగాదిగా చూసి, మొహాన్ని ఉన్నదున్నట్టే కాగితంలో చుట్టి ఇచ్చింది.

షాంటిలీలో దాని ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. "ఆఫ్రికన్ ఆర్ట్‌ని మనవాళ్ళు అప్రీషియేట్ చేయడం నేర్చుకోవాలి. నేను మ్యూజియమంతా స్టడీ చేసి దీన్ని సెలెక్ట్ చేశాను" అని రావుగారు ఉపన్యసించారు. అతిథులు చప్పట్లు కొట్టి, నియమం ప్రకారం ముందు మొహాన్ని చూసి, తరవాత ఇంట్లోకి వెళ్ళారు. బేస్‌మెంట్ పొడిగా ఉంది. పంపు ప్లగ్గు కూడా మళ్ళీ పెట్టారు, కాని ఆ ఘనత మొహానిదే.

చిక్కల్లా, రావుగారికి దానిమీద నిజంగానే ప్రేమ పుట్టింది. ఆఫీసు నుంచి రాగానే దాని ఎదుట కాసేపు నిలబడితే గాని ప్రాణం కుదుటపడేది కాదు. చలికి పాడవుతుందని డిసెంబరులో ఇంట్లోకి తెచ్చి, తలుపు తీయగానే కనబడేలా హాల్లో పెట్టారు.

ఆ నెలలోనే మీనాక్షి గారు భోజనానికి వచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని దాన్ని తనివితీరా చూశారు. "ఎవరు చెక్కారండీ? మా మేనత్త గుర్తొస్తోంది. ఎంత చల్లగా చూస్తోందో" అన్నారు. ఇన్నాళ్ళకు దాన్ని గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడే. హాల్లో అందరి చేతుల్లోనూ గారెలు ఆగిపోయాయి.

వారం తిరగకుండా నుదుటి నుంచి గడ్డం దాకా చీలిక వచ్చింది. నరుడి కంటికి నల్లరాళ్ళే పగులుతాయంటారు, ఇది కొయ్య. రావుగారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "హీటింగ్‌కి కలప ఎండిపోయుంటుంది, హ్యూమిడిఫైయర్ పెట్టండి" అని మీనాక్షి గారు ఫోన్‌లో చెప్పారు. ఆ సలహా వినే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇంటిని కాపాడే మొహాన్ని కాపాడడానికి దాని గడ్డం కింద నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. పెద్ద ఆడవాళ్ళను గౌరవించే ఆ మొహం క్షేమం కోరి, ఆ పెద్దావిడను పిలవడం మానేశారు. షాంటిలీలో మిగతా ఇళ్ళవాళ్ళూ మానేశారు. పిల్లలకు జ్వరం వస్తే మాత్రం ఆవిడ దగ్గరికే తీసుకెళ్ళేవారు.

అప్పటి నుంచి అక్కడ ఎవరూ ఎవరిదీ బాగుందనరు. కొత్త నగకు "పర్వాలేదు", హార్వర్డ్‌లో సీటుకు "ఏదో వచ్చిందటగా" అంటారు. దీనినే సంస్కారమంటారు.

ఈ కథ మీకు నచ్చి ఉంటే సంతోషం. ఆ మాట పైకి మాత్రం అనకండి, మిమ్మల్నీ భోజనాలకు పిలవడం మానేస్తారు.