సమానత్వం ఇంగ్రిడ్ గారికి అప్పగించాం

జాతి వివక్షను పోగొట్టాల్సిన బాధ్యత ఎవరిది? ఇంకా ఈ ప్రశ్న అడిగేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. తూర్పు స్లొవేకియాలోని మా ఊళ్లో ఆ సంగతి ఎప్పుడో తేల్చేశాం. బాధ్యతంతా ఇంగ్రిడ్ మిజిగారోవా గారిదే!

ఎందుకంటారా? ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఊళ్లో మేం పలకరించే రోమా మనిషి, అంటే జిప్సీ, ఆవిడొక్కతే. వివక్ష ఎలా ఉంటుందో ఆవిడకు తెలిసినట్టు మాకు తెలుస్తుందా? అనుభవమున్నవాళ్లకే పని అప్పగించాలి కదా! అందుకే స్కూలు సమానత్వ కమిటీకి ఆవిడను ఏకగ్రీవంగా అధ్యక్షురాలిని చేసేశాం.

అప్పటినుంచి మాకెంత హాయో! మా అజ్ఞానం పోగొట్టడం ఆవిడ పని. మేం నోరు జారితే నవ్వి ఊరుకోవడం ఆవిడ పని. బస్సులో ఎవరి పర్సు పోయినా సంజాయిషీ చెప్పుకోవడం కూడా ఆవిడ పనే. అలాగని మేం ఖాళీగా లేం. ఏటా ఏప్రిల్‌లో సమానత్వ దినం నాడు ఊరి కూడలిలో ఆవిడ పెద్ద డేగిసాలో గుల్యాష్ అనే మాంసం పులుసు వండుతుంటే, క్యూలో నిలబడి తలా మూడు గిన్నెలు తింటున్నాం.

ఈ ఏడు ఆవిడకో కోరిక పుట్టింది. కూతురు వనేసా సెప్టెంబరులో ఒకటో తరగతిలో చేరాలి. మా స్కూల్లో పైఅంతస్తులో 'ఎ' సెక్షన్, అది మా పిల్లలది. పెరటి గేటు పక్కన 'సి' సెక్షన్, అది రోమా పిల్లలది. మధ్యలో కాస్త దూరం ఉంటే మంచిదని 'బి' పెట్టలేదు.

"మా వనేసాకి అప్పుడే చదవడం వచ్చేసిందండీ. దాన్ని 'ఎ'లో వేసుకోండి," అంది గుల్యాష్ వడ్డిస్తూ.

హెడ్మాస్టరు బ్లజేయ్ గారు తెగ నొచ్చుకున్నారు. "నేను వద్దంటానా తల్లీ! పేరెంట్స్ ఊరుకోవద్దూ? ముందు మీవాళ్లు కాస్త మారాలి. అధ్యక్షురాలివి నువ్వే కదా, పేరెంట్స్‌కి నువ్వే నచ్చజెప్పుకో."

ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

"పేరెంట్సంతా ఇక్కడే ఉన్నారుగా, అధ్యక్షురాలిగానే అడుగుతున్నా. రెండు సెక్షన్లూ కలిపేద్దాం. మీ పిల్లల పక్కన మా పిల్లలు కూర్చుంటే ఫర్వాలేదనేవాళ్లు చెయ్యెత్తండి."

నలభై మందిమి ఉన్నాం. ఒక్క చెయ్యీ లేవలేదు. ఆవిడ నా వైపే చూస్తోంది. ఏటా సమానత్వం మీద ఉపన్యాసమిచ్చేది నేనే మరి.

ఎత్తాలనే ఉంది, ఒట్టు! కానీ ఏం చేయను? ఆవిడ వడ్డించిన గిన్నెను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను. అది మూడోది.