బంతికీ నందివర్ధనానికీ వేసిన పందిరి

ఆ పొద్దున అరుగు మీద కూర్చుని టీ తాగుతూ, కుమారి ఊరి నుంచి తిరిగొచ్చేలోగా వాకిట్లో పూలమొక్కలు వేసెయ్యాలని నరసింగరావు తీర్మానించుకున్నాడు. కుమారి ఆయన భార్య. పాతపట్నంలో చెల్లెలికి కంటి ఆపరేషనైతే సాయానికి వెళ్ళింది, ఇప్పట్లో రాదు. నెల్లిమర్ల నుంచి రామతీర్థం వెళ్ళే రోడ్డు పక్కనే ఇల్లు. ముందు బోలెడు జాగా ఉంది గానీ, అందులో ఇన్నేళ్ళూ ఓ విరిగిన నాగలీ, ఓ సైకిలు చట్రమూ తప్ప ఇంకేమీ మొలవలేదు.

ఆయనకి మొక్కల మీద మోజు పుట్టిందనుకుంటే పొరపాటే. పోయిన వానాకాలంలో పొలం గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయన మంచంలో ఉన్నన్నాళ్ళూ కుమారి వరి ఉడుపులు చూసుకుంది, పశువుల్ని చూసుకుంది, ఆయన్నీ చూసుకుంది. ఆ మూడింట్లోనూ ఎక్కువ విసిగించింది ఆయనే. ఇప్పుడు కర్ర సాయం లేకుండా నడుస్తున్నాడంటే అది ఆవిడ చలవేనని ఆయనకి బాగా తెలుసు. ఆ మాట చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాడు. తీరా ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడేసరికి, పులుసులో ఉప్పు తగ్గిందని చెప్పి ఊరుకునేవాడు. నోటితో అయ్యే పని కాదని తేలిపోయాక పూలతో చెప్పిద్దామనుకున్నాడు.

ఏ పూలన్న దగ్గరే చిక్కొచ్చిపడింది. కుమారి అన్న గంగులు బంతి తోట రైతు. ఇంకో ఆలోచన వద్దు, బంతే వెయ్యమన్నాడు. పూలూ మొగ్గలూ ఉన్న మొక్కల్ని మట్టిగడ్డతో సహా తెచ్చిస్తాననీ, చెల్లెలు ఆటో దిగేసరికి వాకిలి బంగారంలా ఉంటుందనీ చెప్పాడు. పక్కవీధిలో ఉండే నరసింగరావు అక్క జగ్గమ్మ ఆ మాట వింటూనే మూతి తిప్పింది.

"బంతి ఓ పంటకాలం ఉంటాది, పోతాది. నందివర్ధనమైతే ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాది, రోజూ దేవుడికి నాలుగు పూలిస్తాది. పెళ్ళానికిచ్చేది నాలుగు నాళ్ళకి ఎండిపోయేదేటిరా?"

"అది ఎదిగి పూసేసరికి మా సెల్లి ముసల్దైపోతాది," అన్నాడు గంగులు.

కుమారి కంటే జగ్గమ్మ పదేళ్ళు పెద్ద. ముసలితనం గురించి ఎవరేమన్నా తననే అన్నట్టు తీసుకుంటుంది. ఆ పూటంతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వాళ్ళ మధ్య నలిగిపోలేక నరసింగరావు రెండూ వేసేద్దామన్నాడు. గేటు నుంచి అరుగు దాకా ఉన్న దారికి ఎడం పక్క బంతి, కుడి పక్క నందివర్ధనం. పక్కపక్కనే ఉంటే ఏది మేలో కళ్ళే చెబుతాయి.

మాఘమాసమే అయినా ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మధ్యాహ్నానికల్లా రెండు వరసలూ తలలు వేలాడేశాయి. వేరు పట్టేదాకా నీడ కావాలని గంగులు నాలుగు గుంజలు పాతించి, పైన తాటాకులు కప్పించాడు. గుంజలకి చెదలు పట్టకుండా పసుపు రాయమని జగ్గమ్మ సలహా ఇచ్చింది. పాపం, నరసింగరావు ఇద్దరి మాటా కాదనకుండా పనంతా దగ్గరుండి చేయించాడు. సంగతి కుమారికి ముందే తెలిస్తే ముచ్చట తీరదని, ఎవరికీ ఒక్క ముక్క చెప్పొద్దని ఇద్దరిచేతా ఒట్టు వేయించుకున్నాడు.

తర్వాత రోడ్డు మీదికెళ్ళి నిలబడి చూసుకున్నాడు. ఆయనకి మొక్కలూ, వాటి మీద నీడా కనిపించాయి. దారిన పోయేవాళ్ళకి మాత్రం నిండు ముహూర్తాల రోజుల్లో, ఇంటి ముందు కొత్త తాటాకు పందిరి, పసుపు పూసిన రాటలు, ఆ కింద బంతిపూలు కనిపించాయి. ఆ చుట్టుపక్కల మొక్కల కోసం పందిరి వేసినవాడు ఇంతవరకూ లేడు. ఇంట్లో శుభకార్యాల సంగతులన్నీ కుమారి చూసుకునేది కాబట్టి ఆయన బుర్రకి అది తట్టలేదు.

ముందుగా చూసింది పినతండ్రి కొడుకు ఎర్రన్న. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకపోతే సొంత మేనకోడలి పెళ్ళికైనా వెళ్ళని మనిషి. మోటారుసైకిలు ఆపి, గేటు దాటకుండా రోడ్డు మీదే నిలబడ్డాడు.

"పిలవకపోతే పిలవకపోయినావు గానీ అన్నియ్యా, రాట పాతినప్పుడైనా ఓ కేకెయ్యలేదేటి?"

"ఇది మొక్కలకిరా."

"పందిరేసి, పసుపు రాసి, బంతిపూలెట్టి, మొక్కలకంటే నమ్మడానికి నాను సంటోడినేటి?" అని ఎర్రన్న బండి తిప్పాడు.

నేరుగా జగ్గమ్మ దగ్గరికెళ్ళాడు. ఆవిడ రాములవారి మీద ఒట్టేశానని, తనని ఏమీ అడగొద్దని తలుపేసుకుంది. గంగులు దగ్గరికెళ్ళాడు. చెల్లెలికి తెలియకూడదని బావ చెప్పాడనీ, అంతకు మించి పెదవి విప్పననీ అన్నాడతను. పాపం, ఇద్దరూ మాట నిలబెట్టుకునే మనుషులు. వాళ్ళలో ఒక్కరు మాట తప్పినా ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

సాయంత్రానికి చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళిపోయాయి. విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న నరసింగరావు కొడుకు గోపి ఎవరినో ఇష్టపడ్డాడనీ, తల్లి ఒప్పుకోదని ఆవిడ ఊళ్ళో లేనప్పుడు పెళ్ళి కానిచ్చేస్తున్నారనీ తేల్చేశారు. ఓ మేనత్త ఉండబట్టలేక గోపికే ఫోన్ చేసి ఆశీర్వదించింది. తనకి పెళ్ళేమిటని వాడు గాభరా పడ్డాడు. పెళ్ళి గోపిది కాదని తెలిసేసరికి అందరూ ఒక్క నిమిషం ఆలోచనలో పడ్డారు. ఆ ఇంట్లో మగాళ్ళు ఇద్దరే కదా.

గంగులు రొప్పుకుంటూ వచ్చి చెప్పాడు.

"నువ్వు రెండో పెళ్ళి సేసుకుంటన్నావంట బావా. కబురు పాతపట్నం ఎల్లిపోనాది. మా సెల్లి రేపు పొద్దున్న బస్సుకి వస్తాదంట."

నరసింగరావు అరుగు మీద కూలబడ్డాడు. కాలు విరిగిన రోజున కూడా ఆయనకి అంత భయం వెయ్యలేదు. నువ్వు లేకపోతే నేను లేనని చెప్పుకుందామనుకున్న మనిషికి, నీ బదులు ఇంకొకర్ని తెచ్చుకుంటున్నానని కబురు వెళ్ళింది. ఫోన్ చేస్తే కుమారి ఎత్తలేదు. పందిరి పీకేద్దామని లేస్తే జగ్గమ్మ అడ్డం పడింది. చెదల కోసం రాసినా పసుపు పసుపేననీ, పసుపు రాసిన రాట శుభకార్యం జరక్కుండా పీకితే ఇంటికి అరిష్టమనీ అంది. రాయమన్నది తనేనన్న సంగతి ఆవిడ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నకి చుట్టాలంతా దిగిపోయారు. పెళ్ళి ఆపడానికి కొందరు, చూడ్డానికి కొందరు వచ్చారు. ఎవరు దేనికొచ్చినా పదిమంది తింటారు కదా అని ఆడవాళ్ళు కూరలూ పులిహోరా పట్టుకొచ్చారు. ఎర్రన్న మాత్రం పిలుపు లేదని గేటు అవతలే నిలబడ్డాడు.

ఆటో ఆగింది. కుమారి దిగింది. విజయనగరం బస్టాండులో కలిసిన గోపి సంచీ పట్టుకుని వెనకాలే వచ్చాడు. జనం పక్కకి తప్పుకున్నారు. ఆవిడ ఎవరినీ పలకరించకుండా పందిరి కిందికి వెళ్ళి, ఒక్కో గుంజనీ పట్టుకుని ఊపి చూసింది. తర్వాత రెండు వరసల మొక్కలూ చూసింది.

"ఎవరికిదంతా?"

"నీకే," అన్నాడు నరసింగరావు. అందరూ వింటున్నారని ఆయనకి తెలుసు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని కూడా తెలుసు. "మంచంలో ఉన్నన్నాళ్ళూ నన్ను పసిగుంటడిలా సూసుకున్నావు. ఓ రోజైనా ఇసుక్కోలేదు. నువ్వు లేకపోతే నాను లేను. నోటితో సెప్పడం సేతకాక మొక్కలేసినాను, కుమారీ. అయి సచ్చిపోతాయని పందిరేసినాను. అంతే."

కుమారి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఇంతమందిలో సెప్పడానికి సిగ్గెయ్యలేదేటి?"

"నువ్వొక్కదానివే ఉంటే భయమేస్తాది."

ఆవిడకి నవ్వాగలేదు. రెండో పెళ్ళి కబురు వినగానే తనూ చెల్లెలూ పడీ పడీ నవ్వారట. ఆ నవ్వు ఆపుకోలేకే ఆయన ఫోన్ ఎత్తలేదట. "మరెందుకే పరిగెత్తుకొచ్చినావు?" అని జగ్గమ్మ నిలదీసింది.

"ఈయన పందిరేసినాడన్నారు కదొదినా. అది మీద పడి మళ్ళీ కాలిరగ్గొట్టుకుంటాడని వొచ్చినాను."

ఊరంతా ఆయన్ని అనుమానిస్తుంటే, ఈ మనిషి దారంతా ఆయన కాలు గురించి బెంగపడుతూ వచ్చింది. ఇలాంటి మనిషి దొరకడానికి ఏ జన్మలో ఏ పుణ్యం చేసుకున్నానో అనుకున్నాడు నరసింగరావు, ఈసారి పైకే అనేశాడు.

పందిరి సంగతి తేల్చాల్సిందేనని జగ్గమ్మ పట్టుబట్టింది. ఇద్దర్నీ పీటల మీద కూర్చోబెట్టి దండలు మార్పించింది. ఆ దండల కోసం బంతి మొక్కల్ని మొగ్గలతో సహా దూసేశారు. మధ్యలో కట్టడానికి నందివర్ధనం రెమ్మలు తుంచేశారు. దారికి రెండు పక్కలా మోళ్ళు మిగిలాయి. నరసింగరావు రెండో పెళ్ళన్న పుకారు అక్షరాలా నిజమైంది, పెళ్ళికూతురు మాత్రం మారలేదు. కుమారి గేటు దాకా వెళ్ళి బొట్టు పెట్టి మరీ పిలిస్తే ఎర్రన్న లోపలికొచ్చి అందరికంటే ఎక్కువ పులిహోర తిన్నాడు.

చుట్టాలంతా వెళ్ళాక మోళ్ళయిన రెండు వరసల మధ్యా నిలబడి, బంతి నచ్చిందా నందివర్ధనం నచ్చిందా అని నరసింగరావు ఆవిణ్ణి అడిగాడు.

"రెండూ బాగానే ఉన్నాయి," అంది కుమారి. "నాకు కనకాంబరాలిష్టం."

ఆ మాట ఆవిణ్ణే అడిగితే సరిపోతుందని అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు.